వలస అమెరికాలో తొలి ఊరుమ్మడి గ్రామర్ బడులు

పదిహేడో శతాబ్దపు న్యూ ఇంగ్లండ్‌లో గ్రామర్ బడి అంటే లాటిన్ బడి. ఇంగ్లీషు చదవడం అప్పటికే వచ్చిన ఏడెనిమిదేళ్ల మగపిల్లల్ని చేర్చుకుని, సుమారు ఏడేళ్లపాటు లాటినూ కొసరుగా గ్రీకూ నేర్పి, హార్వర్డ్ కాలేజీ గుమ్మం దాకా తీసుకెళ్లి వదలడం దాని పని. అక్షరాభ్యాసం దాని బాధ్యత కాదు. చేతిరాతకూ లెక్కలకూ కొన్ని చోట్ల వేరే బడి ఉండేది, చాలా చోట్ల ఏదీ ఉండేది కాదు. ఇంత ఇరుకైన చదువును, కాలేజీకి వెళ్లే పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేని ఊళ్లు ఉమ్మడి డబ్బుతో ఎందుకు పోషించినట్టు? ప్యూరిటన్లకు చదువు మీదున్న భక్తి వల్ల అన్నది అందరూ చెప్పే జవాబు. అది అబద్ధం కాదు, సగం జవాబు. బడి కావాలని కోరింది భక్తే. ఆ బడి ఊరుమ్మడి సొత్తు కావడానికి కారణం మాత్రం డబ్బు చిక్కు. ఇంగ్లండ్‌లో బడులను పోషించిన మాన్యం పద్ధతి, భూమి కొల్లలుగా ఉండి దున్నే చెయ్యి కరువైన కొత్త దేశంలో సరిగ్గా పనిచెయ్యలేదు. అది తడబడిన చోటల్లా ఏటేటా ఊరి సభే కూర్చుని పంతులి జీతం సంగతి తేల్చాల్సి వచ్చింది. పన్నుతో నడిచే బడి అలా, ఎవరూ ముందుగా గీసుకోని దారిలో వచ్చింది.

ముందు ఇంగ్లండ్ సంగతి. అక్కడ గ్రామర్ బడి అమెరికా వలసలకు చాలా ముందే వేళ్లూనుకుంది. వించెస్టర్ 1382లో, ఈటన్ 1440లో పుట్టాయి. మత సంస్కరణ కాలంలో, చనిపోయినవారి ఆత్మశాంతికి ప్రార్థనలు జరిపే చాంట్రీలు రద్దయినప్పుడు వాటి ఆస్తుల్లో కొంత భాగంతో ఆరవ ఎడ్వర్డ్ పేరు మీద అనేక బడులు వెలిశాయి. లండన్‌లో గడించిన వర్తకులు సొంతూళ్లలో మరికొన్ని పెట్టించారు. అన్నిటి ఏర్పాటూ దాదాపు ఒకటే. దాత పొలమో ఇళ్లో రాసిచ్చి పోతాడు, ధర్మకర్తలు వాటిని కౌలుకిస్తారు, ఆ కౌలుతో పంతులికి జీతం ముడుతుంది. గుడి మాన్యాల కథ ఎరిగినవారికి ఈ లెక్క విడమర్చి చెప్పనక్కర్లేదు. 1630 తర్వాత మసాచుసెట్స్‌కు వచ్చినవారిలో ఇలాంటి బడుల్లో చదివి విశ్వవిద్యాలయం దాకా వెళ్లినవారు చాలా ఎక్కువ. 1646లోగా న్యూ ఇంగ్లండ్ చేరిన అలాంటివారు సుమారు 130 మంది అని చరిత్రకారుల అంచనా. వారిలో అత్యధికులు కేంబ్రిడ్జివాళ్లు, అందులోనూ ఇమ్మాన్యుయేల్ కాలేజీవాళ్లు. వీళ్లు ఓడల్లో పుస్తకాలు తెచ్చుకున్నారు, పంతుళ్లూ వాళ్లతోపాటే వచ్చారు. మాన్యాలు మాత్రం వెనకే ఉండిపోయాయి. కొత్త ఊళ్లో అడిగిన ప్రతి కుటుంబానికీ సొంత భూమి దొరుకుతుంటే కౌలుకు దున్నేవాడెవడు? దున్నేవాడు లేని పొలం పంతులికి అన్నం పెట్టదు.

బోస్టన్ దస్త్రాల్లో ఈ తడుములాట స్పష్టంగా కనిపిస్తుంది. 1635 ఏప్రిల్‌లో ఊరి సభ ఫిలెమన్ పోర్మోర్ట్‌ను పిల్లలకు పంతులుగా ఉండమని కోరాలని తీర్మానించింది. ఇప్పటి బోస్టన్ లాటిన్ స్కూల్ తన పుట్టుకను ఆ తీర్మానం నుంచే లెక్కేసుకుంటుంది. అయితే అందులో లాటిన్ ప్రసక్తి లేదు, జీతం ప్రసక్తి అంతకన్నా లేదు. మరుసటి ఏడు, 1636లో, ఊళ్లోని కలిగినవాళ్లు చందాలు వేసుకున్నారు. గవర్నర్ హెన్రీ వేన్, జాన్ విన్‌త్రాప్, రిచర్డ్ బెల్లింగ్‌హామ్ తలా 10 పౌండ్లు రాశారు. డేనియల్ మాడ్ పంతులయ్యాడు. చందాకు ఉన్న జబ్బు అందరికీ తెలిసిందే: మొదటి ఏడు ఉన్న ఉత్సాహం మూడో ఏడు ఉండదు. అందుకే 1641లో ఊరు రేవులోని డీర్ ఐలండ్‌ను బడి ఖర్చుకు కేటాయించింది. తర్వాత మరికొన్ని దీవుల కౌళ్లు కూడా ఈ ఖాతాలో చేరాయి. అంటే ఇంగ్లండ్ అలవాటు ప్రకారం మాన్యం ఏర్పాటు చెయ్యాలనే చూశారు. తేడా ఏమిటంటే ఇక్కడ దాత చనిపోయిన వర్తకుడు కాడు, బతికున్న ఊరే. దీవి కౌలు పంతులికి చాలలేదు. 1650లో రాబర్ట్ వుడ్‌మన్సీకి ఏడాదికి 50 పౌండ్ల జీతం ఒప్పుకున్న ఊరు, తక్కువ పడిన మొత్తాన్ని ఇంటింటా వసూలు చేసిన పన్ను నుంచే పూడ్చుకోవాల్సి వచ్చింది.

పక్కనే ఉన్న డార్చెస్టర్ కథ ఇంకా ఆసక్తికరం. 1639 మేలో ఆ ఊరు థామ్సన్స్ ఐలండ్‌లో భూమి ఉన్నవారందరి మీదా కలిపి ఏడాదికి 20 పౌండ్ల భారం వేసి, ఆ డబ్బు పంతులికి చెందాలని నిర్ణయించింది. అమెరికాలో పన్నుతో నడిచిన మొదటి బడి ఇదేనని డార్చెస్టర్ అభిమానులు అంటారు. నిదానంగా చూస్తే అది పన్నుకూ కౌలుకూ నడుమ ఏదో ఒకటి: భారం పడింది ఊరందరి మీద కాదు, ఆ దీవిలో వాటాదారుల మీద. తర్వాత దీవినే బడికి రాసిచ్చారు. 1648లో డేవిడ్ థామ్సన్ అనే తొలినాటి వలసదారుడి కొడుకు వచ్చి దీవి తన తండ్రిదని దావా వేస్తే, వలస శాసనసభ అయిన జనరల్ కోర్టు అతని పక్షానే తీర్పు చెప్పింది. నష్టానికి ప్రతిగా కోర్టు కొన్నేళ్లకు వేరే చోట 1,000 ఎకరాలు మంజూరు చేసింది గానీ అది కొలతలు పూర్తయి చేతికొచ్చేసరికి అర్ధశతాబ్దం దాటింది. ఆ నడిమి కాలమంతా పంతులు గాలి మేస్తూ కూర్చోలేడు కదా. ఊరే జీతం ఇచ్చుకుంది. ఇదే డార్చెస్టర్ 1645లో బడికి రాసుకున్న నియమాల్లో ఒక విశేషం ఉంది: తల్లిదండ్రులు పేదలైనా ధనికులైనా ఊరి పిల్లలందరినీ పంతులు తేడా లేకుండా చేర్చుకుని చదువు చెప్పాలి. బడి మంచిచెడ్డలు చూసేందుకు ముగ్గురు వార్డెన్లను ఊరి సభ ఎన్నుకోవాలి. డబ్బు ఊరిది అయ్యాక అజమాయిషీ కూడా ఊరిదే అయింది.

మిగతా ఊళ్లు తమకు తోచిన తోవలు తొక్కాయి. డెడమ్ 1644లో నేరుగా సభలో చేతులెత్తి ఏడాదికి 20 పౌండ్లు పన్ను రూపంలో బడికి ఇవ్వాలని తీర్మానించింది. మాన్యం జోలికి ఎక్కువగా పోకుండా పన్ను దగ్గరికే వచ్చిన ఊరది. సేలమ్ అదే సంవత్సరం వేరేగా ఆలోచించింది: స్తోమత ఉన్న తల్లిదండ్రులు జీతం ఇచ్చుకోవాలి, ఇచ్చుకోలేని పేదల పిల్లల వంతు ఊరు పన్నుతో భరిస్తుంది. ప్లిమత్ వలస 1670లలో కేప్ కాడ్ చేపల వేట మీద వచ్చే ఆదాయాన్ని ఒక బడికి కేటాయించింది. నేల కలిసిరాకపోతే సముద్రాన్నే మాన్యంగా ఇచ్చారన్నమాట. కనెక్టికట్ 1672లో కౌంటీ ముఖ్య పట్టణాలకు గ్రామర్ బడి నిమిత్తం తలా 600 ఎకరాలు ఇచ్చింది. ఈ రకరకాల ఏర్పాట్లను బట్టి తెలిసేదొకటే: ప్రజా విద్య అనే సిద్ధాంతం ఏదీ వీళ్ల ముందు లేదు. చందా, కౌలు, ఫీజు, పన్ను అన్నీ ఒకే ఊళ్లో ఒకే ఏట కలగలిసి ఉండేవి. చలికాలంలో కట్టెలు పిల్లల ఇళ్ల నుంచే రావాలి, లేదా కట్టెల డబ్బు రావాలి.

ఇక చట్టాల సంగతి. మసాచుసెట్స్ జనరల్ కోర్టు 1642లో చేసిన చట్టం బడి పెట్టమనలేదు. తల్లిదండ్రులూ పనివాళ్ల యజమానులూ పిల్లలకు చదవడం నేర్పుతున్నారో లేదో ఊరి పెద్దలు కనిపెట్టి ఉండాలని మాత్రమే చెప్పింది. 1647 నవంబరు చట్టం ఇంకో అడుగు వేసింది. 50 కుటుంబాలున్న ఊరు చదవడం, రాయడం నేర్పే మనిషిని పెట్టుకోవాలి. 100 కుటుంబాలున్న ఊరు విశ్వవిద్యాలయానికి తగినట్టు కుర్రాళ్లను తయారుచేసే గ్రామర్ బడి పెట్టాలి. పెట్టకపోతే ఏడాదికి 5 పౌండ్ల జరిమానా, అది కూడా పొరుగూరి బడికి చెల్లించాలి. జనం లేఖనాలు చదవకుండా చెయ్యడమే సైతాను ఎత్తుగడ అని పీఠిక చెబుతుంది, అందుకే దీనికి సైతాను చట్టమని పేరొచ్చింది. ఇదే కదా మత కారణానికి సాక్ష్యం అని అడగవచ్చు. ఉద్దేశం వరకు అది నిజమే. బైబిలును ఇంగ్లీషులో చదువుకోవడానికి లాటిన్ అక్కర్లేదు గానీ, తర్వాతి తరం మతబోధకులకూ న్యాయాధికారులకూ అక్కరుంది. 1636లో 400 పౌండ్లు ఇస్తామని ఒప్పుకుని మొదలుపెట్టిన హార్వర్డ్‌లో చేరాలంటే సిసెరో స్థాయి లాటిన్‌ను చూసీ చూడగానే అర్థం చేసుకోవాలి, లాటిన్‌లో గద్యమూ పద్యమూ అల్లగలగాలి, గ్రీకు నామ, క్రియారూపాలు తెలిసి ఉండాలి. కేంబ్రిడ్జిలో చదివిన తరం ముసలిదవుతోంది. వాళ్లతోపాటే చదువు కూడా సమాధి కాకూడదన్న భయం ఆ పీఠికలోనే ఉంది. అయితే ఆ చట్టం డబ్బు ఎక్కడి నుంచి తేవాలో ఆజ్ఞాపించలేదు. రాయడం, చదవడం నేర్పేవాడి జీతాన్ని తల్లిదండ్రులు ఇచ్చినా సరే, ఊరివాళ్లందరూ కలిసి ఇచ్చినా సరే అంది. బాధ్యతను ఊరి మెడకు కట్టి, దారి ఊరికే వదిలేసింది. ఏ దారీ సాగని ఊరికి చివరికి మిగిలింది పన్ను.

చట్టం కాగితానికే పరిమితమైందనీ, ఊళ్లు జరిమానా కట్టి తప్పించుకున్నాయనీ ఒక అభ్యంతరం ఉంది. తప్పించుకున్న ఊళ్లు చాలానే ఉన్నాయి. పంతులికి ఏడాదికి 30, 40 పౌండ్లు పోసేకంటే 5 పౌండ్లు పారేయడమే చవక. దీనికి కోర్టు ఇచ్చిన జవాబు జరిమానా పెంచుకుంటూ పోవడం: 1671లో 10 పౌండ్లు, 1683లో 200 కుటుంబాలున్న ఊళ్లకు 20 పౌండ్లు. 1701 చట్టంలో ఇంకా తమాషా ఉంది. ఊరి మతబోధకుణ్నే పంతులుగా చూపించి లెక్క సరిపెట్టడం కుదరదని అందులో ప్రత్యేకంగా రాశారు. ఎగ్గొట్టే ఉపాయం ఎంత వాడుకలో ఉందో ఆ నిషేధమే చెబుతోంది. ఎవరికీ పట్టని చట్టానికి ఇన్ని సవరణలు చెయ్యరు. పైగా మొదటి పదేళ్లలో 100 కుటుంబాల ఊళ్లు గ్రామర్ బడి నియమాన్ని పాటించగా, 50 కుటుంబాల ఊళ్లలో మూడోవంతు మాత్రమే అక్షరాల బడి పెట్టాయని చరిత్రకారులు తేల్చారు. ఈ తేడా మొదట వింతగా అనిపిస్తుంది. చదవడం ఇంట్లో తల్లి దగ్గరో, నాలుగు పెన్నీలు తీసుకుని వంటింట్లో పాఠం చెప్పే పొరుగింటావిడ దగ్గరో నేర్చుకోవచ్చు. లాటిన్ అలా దొరకదు. బయటి నుంచి జీతమిచ్చి తెచ్చుకోవాల్సిన సరుకు కాబట్టే దానికి ఊరు కావాల్సి వచ్చింది.

ఆ సరుకు తెచ్చినవారిలో ఎజికీల్ చీవర్‌ది పెద్ద పేరు. లండన్‌లో పుట్టి, క్రైస్ట్స్ హాస్పిటల్‌లోనూ కేంబ్రిడ్జి ఇమ్మాన్యుయేల్‌లోనూ చదివి, 1637లో బోస్టన్ వచ్చాడు. 1638లో న్యూ హేవెన్‌లో బడి మొదలుపెట్టి, ఇప్స్‌విచ్, చార్ల్స్‌టౌన్‌ల మీదుగా 1670 ప్రాంతంలో బోస్టన్ లాటిన్ బడికి చేరి, 1708లో చనిపోయేదాకా అక్కడే పాఠం చెప్పాడు. మొత్తం సుమారు 70 ఏళ్ల పంతులుగిరీ. మొదట లిల్లీ వ్యాకరణం లాంటి ప్రవేశ గ్రంథాలు, కేటో నీతిపద్యాలు, కోర్డియర్ సంభాషణలు, ఈసపు కథలు, ఆపైన ఓవిడ్, సిసెరో, వర్జిల్ — ఇంగ్లండ్ బడి పాఠక్రమం ఇక్కడ పెద్దగా మారలేదు. మారింది పంతులికీ ఊరికీ ఉన్న సంబంధం. చార్ల్స్‌టౌన్‌లో ఉండగా 1666లో చీవర్ ఊరి పెద్దలకు మొర పెట్టుకున్నాడు: పన్ను వసూలు చేసే కానిస్టేబుళ్లు తన జీతం బాకీ పడ్డారు, తనకు పోటీగా ఇంకో పంతుల్ని రానివ్వబోమన్న మాట కూడా తప్పారు. ఇంగ్లండ్ గ్రామర్ బడి పంతులు అడగాల్సి వస్తే ధర్మకర్తలను అడిగేవాడు. ఇక్కడి పంతులు ఊరి పన్నుల లెక్కలో ఒక పద్దు. గౌరవానికి అది తగ్గింపే కావచ్చు గానీ, బడి ఎవరిదన్న ప్రశ్నకు జవాబు ఆ బాకీలోనే ఉంది.

ఊరుమ్మడిది అంటే అందరిదీ అని కాదు. న్యూ హేవెన్‌లోని హాప్కిన్స్ గ్రామర్ బడి 1684 నియమాలు ఆడపిల్లలను పేరు పెట్టి మరీ బయట ఉంచాయి. బోస్టన్ లాటిన్ స్కూల్ అమ్మాయిలను చేర్చుకున్నది 1972లో. బానిసత్వంలో ఉన్న ఆఫ్రికన్ల పిల్లల ఊసే ఈ చట్టాల్లో రాదు. స్థానిక తెగల కుర్రాళ్లు మాత్రం కొద్దిమంది కనిపిస్తారు. మార్తాస్ వినియార్డ్ దీవికి చెందిన వాంపనోగ్ యువకుడు కేలబ్ చీషాటియామక్ రాక్స్‌బరీలోనూ, మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ఎలైజా కార్లెట్ దగ్గరా లాటిన్ చదువుకుని 1665లో హార్వర్డ్ పట్టా పుచ్చుకున్నాడు, కొద్దికాలానికే క్షయతో చనిపోయాడు. ఆ చదువుకు డబ్బు ఇచ్చింది ఊరు కాదు, మతప్రచారం కోసం ఇంగ్లండ్‌లో కూడబెట్టిన నిధి.

మాన్యం పద్ధతి విఫలమవడమే కారణమైతే వర్జీనియాలో కూడా పన్ను బడి పుట్టాలి కదా అన్నది దీనికన్నా గట్టి అభ్యంతరం. నిజానికి మాన్యం అక్కడే ముందు వచ్చింది. మచిలీపట్నంలో 1611లో వర్తక స్థావరం పెట్టిన ఈస్టిండియా కంపెనీకే చెందిన రాయల్ జేమ్స్ ఓడ మీద, మతగురువు పాట్రిక్ కోప్లండ్ 1621లో నావికుల నుంచీ ప్రయాణికుల నుంచీ 70 పౌండ్ల 8 షిల్లింగుల 6 పెన్నీలు పోగుచేసి వర్జీనియాలో బడికి ఇప్పించాడు. చార్ల్స్ సిటీలో పెట్టదలచిన ఆ బడికి ఈస్టిండియా స్కూల్ అని పేరు కూడా పెట్టారు. 1622 మార్చిలో పౌహటన్ తెగల దాడి తర్వాత అది అక్కడితో ఆగిపోయింది. 1634 నాటి వీలునామాలో బెంజమిన్ సిమ్స్ 200 ఎకరాలు, 8 ఆవులు బడికి రాశాడు. 1659లో థామస్ ఈటన్ 500 ఎకరాలతోపాటు ఆవులు, పందులు, ఇద్దరు బానిసలను కూడా ఇచ్చాడు. దాతల జాబితా గమనించదగ్గది: ఒట్టి నేల ఇస్తే చాలదని వాళ్లకు తెలుసు, పాడినీ పనివాళ్లనూ జతచేస్తేగాని అది ఆదాయం కాదు. అలా జతచేసే సంపన్నులు ఒకరిద్దరే దొరికారు. మాన్యం లేని మిగతా చోట్ల బాధ్యత తలకెత్తుకునే ఊరే లేదు. వర్జీనియాలో భూమి వ్యక్తుల చేతికి నేరుగా వెళ్లింది, పొగాకు తోటలు నదుల వెంట మైళ్ల దూరం చెదిరిపోయాయి. మసాచుసెట్స్‌లో శాసనసభ భూమిని ముందు ఊరికి ఇచ్చేది, ఊరు కుటుంబాలకు పంచేది. జరిమానా వెయ్యడానికి ఒక చిరునామా అక్కడే ఉంది. 1671లో గవర్నర్ విలియం బర్క్లీ, వర్జీనియాలో ఉచిత బడులూ అచ్చుయంత్రాలూ లేనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాడు. ఆయన ఏలుబడిలోనే సిమ్స్ బడి నడుస్తున్న మాట మరిచిపోయినట్టుంది. డచ్చివారి న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో 1659లో లాటిన్ బడి తెరుచుకుంది గానీ దాన్ని పెట్టింది వర్తక కంపెనీ. ఫిలడెల్ఫియాలో 1689లో క్వేకర్లు తమ సమాజం తరఫున బడి పెట్టారు. వాటిలో ఊరి సభ పాత్ర లేదు.

మాన్యం గట్టిగా నిలిచిన న్యూ ఇంగ్లండ్ బడులతో పోల్చి చూస్తే ఈ వాదం మరికాస్త తేటపడుతుంది. 1645లో జాన్ ఎలియట్ పూనికతో రాక్స్‌బరీవాసులు తమ ఇళ్లూ పొలాల మీద ఏటా ఇంతని రాసుకుని బడి పెట్టారు. తర్వాత థామస్ బెల్ అనే దాత అక్కడి తన భూములు దానికి ఇచ్చాడు. ఆదాయం నిలదొక్కుకుంది, ధర్మకర్తల చేయి నిలిచింది. రాక్స్‌బరీ లాటిన్ ఇవాళ ప్రైవేటు బడి. ఎడ్వర్డ్ హాప్కిన్స్ వీలునామా డబ్బుతో 1660లో నిలబడిన న్యూ హేవెన్ బడీ అంతే. చాలీచాలని దీవి కౌళ్ల మీద బతికిన బోస్టన్ లాటిన్ నగర పాలన కింద ప్రభుత్వ బడిగా ఉంది. దీనికి ఎదురు నిలిచే ఉదాహరణ ఇప్స్‌విచ్. 1660లో విలియం పేన్ అమ్మరాదన్న షరతుతో రాసిన లిటిల్ నెక్ భూమి ఆదాయం ఇరవై ఒకటో శతాబ్దం దాకా ఆ ఊరి ప్రభుత్వ బడులకే వెళ్లింది. వర్జీనియా సిమ్స్, ఈటన్ నిధులు కూడా చివరకు హాంప్టన్ ప్రభుత్వ బడుల్లోనే కలిశాయి. కాబట్టి మాన్యం ఉంటే ప్రైవేటు, లేకపోతే ప్రభుత్వం అని సూత్రం కట్టేయడం తగదు. ఇప్స్‌విచ్‌లో కూడా కౌలు ఒక్కటే బడిని మోయలేదు, ఊరు పక్క నుంచి పోస్తూ వచ్చింది. ఊరు ఏటా చెయ్యి వేసిన చోట పెత్తనం ఊరిని విడిచిపోలేదు, మాన్యం ఒంటిచేత్తో మోసిన చోట అది ధర్మకర్తల దగ్గరే ఉండిపోయింది.

ఏటేటా సభలో చర్చ అంటే ఏటేటా ఫిర్యాదు కూడా. పద్దెనిమిదో శతాబ్దంలో ఊళ్లు విస్తరించి, నడిబొడ్డున ఉన్న బడికి అయిదారు మైళ్ల దూరంలో కాపురాలు ఏర్పడ్డాయి. పన్ను కట్టేదీ మేమే, చలిలో నడవలేనిదీ మా పిల్లలే అని శివార్లవాళ్లు నిలదీశారు. దానికి దొరికిన పరిష్కారం సంచార బడి: పంతులు ఏడాదిలో కొన్ని నెలలు ఒక మూల, మరికొన్ని నెలలు ఇంకో మూల పాఠం చెప్పేవాడు. మూడు నెలలకోసారి మకాం మార్చే పంతులి దగ్గర వర్జిల్ దాకా వెళ్లే కుర్రాడు అరుదు. పన్ను కట్టేవాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది రాతా లెక్కలూ. బోస్టన్ ఆ సంగతి ముందే గ్రహించి 1680లలోనే ఊరి డబ్బుతో రాత బడులు పెట్టింది, వాటిలో పిల్లలు లాటిన్ బడుల కంటే ఎక్కువయ్యారు. మాన్యం మీద బతికే బడి దాత రాసినట్టే నడవగలదు. పన్ను మీద బతికే బడి కట్టేవాళ్ల మాట వినక తప్పదు. 1789లో మసాచుసెట్స్ కొత్త చట్టం గ్రామర్ బడి తప్పనిసరి అయ్యే హద్దును 100 కుటుంబాల నుంచి 200కు పెంచింది. చిన్న ఊళ్లు లాటిన్ భారం దించుకుని, పన్ను మాత్రం వసూలు చేస్తూ, ఆ డబ్బును ఇంగ్లీషు చదువు వైపు మళ్లించాయి.